మా హాలు గోడల గోడు

"ఇది మ్యాట్ ఫినిష్" అన్నాడు పెయింటు మేస్త్రి, నిచ్చెన మీద నుంచి, పళ్ళ మధ్య బ్రష్షు కరిచిపట్టుకుని.

"మ్యాచ్ ఫినిషా? అప్పుడేనా? ఎవరు గెలిచారు?" అంటూ లోపలి గదిలోంచి మా మామగారు ఒంటి చెప్పుతో బయటికొచ్చారు. ఆయన చెవులు ఆయన మాట తప్ప మరొకరి మాట వినవు. కొత్త ఇంట్లో టీవీ ఇంకా అట్టపెట్టెలోనే ఉండటం వల్ల, పొద్దుట్నించి ఆట ఏమైందో తెలియక అల్లాడిపోతున్నారు.

వంటగదిలో డబ్బాలు సర్దుతున్న మా అక్కకి ఆ కేకలో 'ఫినిష్' ఒక్కటే చేరింది. మేస్త్రి నిచ్చెన మీద నుంచి పడి ఫినిష్ అయ్యాడనుకుని చెంబుడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. మేస్త్రి నిచ్చెన మీదే నిక్షేపంగా ఉన్నాడు. అయినా తెచ్చిన నీళ్ళు వృథా చెయ్యడం ఇష్టంలేక అతని చేత తాగించింది. గుక్కకీ గుక్కకీ మధ్య అతను గోడల గురించి నాలుగు ముక్కలేవో చెప్పాడు. మామగారు స్కోరు అడుగుతున్నారు, అక్క నిచ్చెన కాళ్ళు పట్టుకుని ముందు దిగమంటోంది, నేను ఇద్దరికీ సర్దిచెబుతున్నాను. ఆ ముక్కలు ఎవరి చెవినా పడలేదు. అతను చెప్పేశాననుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేలోగా ఏదో ఒకటి తేల్చమనీ, ఒకసారి రంగు కలిపించాక కొట్టువాడు డబ్బా వెనక్కి తీసుకోడనీ హెచ్చరించి, బాల్కనీ గ్రిల్లు పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఈ హెచ్చరిక మాత్రం మామగారితో సహా అందరికీ వినపడింది.

ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి. పెళ్ళయినప్పటి నుంచీ మావి అద్దె ఇళ్ళే. అద్దె ఇల్లంటే అద్దంలో ఇల్లు. కనిపిస్తుంది గానీ మనది కాదు. మొదటి ఇంటాయనకి సున్నం తప్ప మరో రంగు తెలియదు. గోడకి ఆనుకుంటే గోడ పోయి మనమే సున్నమయ్యేవాళ్ళం. రెండో ఇంటావిడ ఎవరో మిగిల్చిన గులాబీ రంగు కొట్టించింది. ఆ హాల్లో కూర్చుంటే దగ్గుమందు సీసాలో కూర్చున్నట్టుండేది. మూడో ఇంట్లో మేకు కొడితే ఇంటాయన కేక వినపడేది. ఇల్లు మారిన ప్రతిసారీ మా ఆవిడ ఒకే మాట అనేది: మనకంటూ ఇల్లుంటే హాలు రంగు నేను చెప్తాను, మిగతా గదులు ఎవరిష్టం వాళ్ళది. ఇల్లు కొన్నాం. ఆవిడ ఆ మాట మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు.

ఆవిడ కోరిన రంగేమిటంటే, వాన మొదలవబోయే ముందు ఆకాశం కాసేపు ఉంటుందే, అది. నీలం కాదు, బూడిద కాదు, ఎక్కడో చిటికెడు పచ్చ. ఆ రంగుని ఒక పళ్ళ డాక్టరు గారి గది బయట కూర్చున్నప్పుడు గోడ మీద చూసిందట. చూస్తూ కూర్చుంటే పిప్పిపన్ను సంగతే గుర్తులేదట. పన్ను పీకించుకుంది గానీ రంగు మాత్రం మనసులోంచి పీకేసుకోలేదు. మొన్న కొట్లో కార్డులన్నీ తిరగేసి దాన్ని పట్టుకుంది. కార్డులో దాని పేరు 'నెమలి నిట్టూర్పు'. పక్క గడిలో 'మబ్బు మొహమాటం' ఉంది. లోపలి గోడలకి వేసేవి కదా, అంతరంగులకి అంతరంగాల పేర్లు పెట్టారు కాబోలు.

ఆ నిట్టూర్పు గడి చూపించి ఇదే కావాలని మేస్త్రికి చెప్పింది. అలాగేనమ్మా అన్నాడు.

చిక్కంతా ఆ 'అలాగే'లో ఉంది. మా మేస్త్రి గోడకి ఎంత పూత పూస్తాడో మాటకీ అంతే పూస్తాడు. కాదు అనే రంగు అతని డబ్బాల్లో లేదు. సామాన్లు సర్దడంలో సాయానికని వచ్చిన మా అక్క అతన్ని పక్కకి పిలిచి, హాలు కాస్త ముదురుగా, నిగనిగలాడుతూ, చెయ్యి పడితే తుడుచుకునేలా ఉండాలంది. అలాగేనమ్మా. మా దగ్గరే ఉండే మామగారు మెట్ల మీద పట్టుకుని, లేతగా, కళ్ళు చెదరకుండా ఉండాలన్నారు. అలాగే పెద్దాయనా. ఈ రహస్యాలు రెండూ మా ఆవిడకి తెలుసు. అక్క నోట్లో ఏ మాటా దాగదు, మామగారు రహస్యం చెబితే పక్కవీధికి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు హాల్లో మూడు గోడల మీద మూడు మచ్చలున్నాయి, ఒక్కొక్కటీ తలగడంత. కిటికీ పక్కది ముదురుగా, అప్పుడే తడిసినట్టు మెరుస్తోంది. మూలగోడ మీదిది పౌడరద్దినట్టు లేతగా, పొడిగా ఉంది. మధ్యగోడ మీదిది అటూ కాదు ఇటూ కాదు, మెత్తగా ఉంది. మా ఆవిడ మధ్యదాన్ని చూసి "ఇదే" అంది. ఒక్క పొల్లు మాటైనా కలపకుండా ఆవిడ అంత చిన్న వాక్యం చెప్పడం నేను వినడం అదే మొదలు. మిగతా రెండూ వదినా, నాన్నా చాటుగా పెట్టించినవని ఆవిడ లెక్క. మా లెక్కా అదే.

అక్క కిటికీ గోడ దగ్గర కుర్చీ వేసుకుంది. మామగారు మూలగోడ దగ్గర పుస్తకాల పెట్టె మీద కూర్చున్నారు. రంగు కాస్తా రణరంగమైంది.

"ఆ మధ్యది పాచి పట్టిన తొట్టిలా ఉంది అమ్మాయీ. ఇంటికొచ్చినవాళ్ళు ట్యాంకు ఎక్కడ కారుతోందని అడుగుతారు" అంది అక్క.

"అడగనివ్వండి వదినా. మీ గోడ ముందు నిలబడి తల దువ్వుకుని మరీ వెళ్తారు" అంది మా ఆవిడ.

"మీరిద్దరూ పోట్లాడుకోకండి. రెండూ బాగాలేవు" అని మామగారు శాంతి కుదిర్చారు.

అక్క అటు తిరిగింది. "మీది అసలు రంగేనా బాబాయిగారూ? గోడకి జ్వరమొచ్చినట్టుంది."

"అవునమ్మా, స్వరంలాగే ఉంది, సన్నగా, హాయిగా" అన్నారాయన సంతోషంగా.

తరవాత ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను పుట్టుకతో గోడ మీద పిల్లిని. కానీ ఇక్కడ గోడలు మూడు, పిల్లి ఒకటి. మూడూ బాగున్నాయన్నాను. దాంతో అంతవరకూ ఒకరినొకరు తిట్టుకుంటున్నవాళ్ళు కలిసి నన్ను తిట్టారు. నన్ను చంకనెత్తుకుని పెంచిన సంగతి అక్క గుర్తుచేసింది. ఆ పెంపకంలో ఎన్నిసార్లు ఎత్తుకుందో అంతకన్నా ఎక్కువసార్లే ఎత్తిచూపింది. తను వచ్చినప్పుడల్లా కూర్చునేది ఆ హాల్లోనే గదా అంది. రోజంతా కూర్చునేది తనని మామగారన్నారు. గోడ ఎవరిది అనే ప్రశ్న పోయి, కూర్చోవడం ఎవరిది అనే దగ్గర ఆగింది.

వాళ్ళు అలా వాదించుకుంటుంటే మా ఆవిడ మధ్యగోడ దగ్గరికెళ్ళి మచ్చ అంచున వేలితో నెమ్మదిగా రాసి చూసింది. తరవాత మామూలు గొంతుతో అంది:

"సరే వదినా, మీరు చెప్పిందే కొట్టించండి. ఎవరో చెప్పిన రంగులో ఉండటం నాకు అలవాటేగా."

వంటగదిలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడకి కోపమొస్తే గిన్నెలు మాట్లాడతాయి. ఆ రోజు ఒక్క గరిటె కూడా నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దం మామగారికి కూడా వినపడింది. ఆయన పెట్టె మీద అటూ ఇటూ కదిలారు. అక్క మెరిసే గోడ వైపు చూసింది గానీ, గెలిచినదానిలా చూడలేదు.

నాకు బాల్కనీలోకి పారిపోవడం తప్ప దారి కనపడలేదు. అక్కడ గ్రిల్లుకి ఒక ప్రక్క, తన చొక్కాకి ఒక ప్రక్క రంగు పూస్తూ మేస్త్రి కూనిరాగం తీస్తున్నాడు. నాకొచ్చిన గొప్ప ఆలోచన అతని ముందు పెట్టాను. మూడు రంగులూ సమానంగా కలిపేసి హాలంతా కొట్టేస్తే ఎవరూ ఓడిపోరు. మా ఆవిడ రంగు కనీసం మూడో వంతైనా గోడ మీద మిగులుతుంది.

అతను బ్రష్షు ఆపి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"కలుపుదాం సార్. కానీ కలిపితే మాత్రం ఏమొస్తుంది? అదే రంగేగా."

"ఏ రంగు?"

"అమ్మగారు చెప్పిందే. నిట్టూర్పు. మూడూ అదే కదా. పొద్దున అంత వివరంగా చెప్పాను."

నా నిట్టూర్పు బయటికి రాలేదు. అతను మాత్రం ఉత్సాహంగా అందుకున్నాడు. పెద్దమ్మగారు తుడుచుకునేది అడిగారు, నిగనిగలాడేది వేశాడు. అది వెలుతురుని తిప్పికొడుతుంది, అందుకే ముదురుగా కనపడుతుంది. పెద్దాయన కళ్ళు చెదరకూడదన్నారు, మెరుపే లేని ఆ మ్యాట్ ఫినిష్ వేశాడు. అది వెలుతురుని తాగేసి తెల్లబోతుంది. మధ్యది మధ్యరకం. రంగు అమ్మగారిది, మెరుపులు ఎవరివి వాళ్ళవి, తను ఎవరినీ కాదనలేదు. లోపల కేకలు విని, మెరుపు కోసం ఇంతగా కొట్టుకునే రసికుల ఇంట్లో పని దొరికిందని మురిసిపోతున్నాడట.

ఈ మాట నేను వెళ్ళి చెబితే లాభం లేదు. మూడూ బాగున్నాయన్నవాడి మాటకి విలువేముంటుంది? అతని మోచెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాను. వంటగది గుమ్మం దాకా వెళ్ళి మా ఆవిడని పిలిచాను. రానంది. నీ రంగు సంగతే అన్నాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

మేస్త్రి ముందు తనకి అలవాటైన దారిలోనే బయల్దేరాడు. పెద్దమ్మగారు చెప్పిందీ నిజమే, పెద్దాయన చెప్పిందీ నిజమే అంటూ నీళ్ళు నమిలాడు. నేను గట్టిగా దగ్గాను. దాంతో మూడు చిన్న డబ్బాలు తెచ్చి, మూతలు తీసి, నేల మీద వరసగా పెట్టాడు.

"ఒకటే రంగు అమ్మా. ఆరాక మెరుపు తేడా, అంతే. తడి మీద ముగ్గురూ కవలలే."

అక్క నమ్మలేదు. తన రంగు తను పోల్చుకోలేనా అంది. మేస్త్రి డబ్బాల్ని అటూ ఇటూ మార్చి, పోల్చుకోమన్నాడు. అక్క వంగి చూసింది, గోడ కేసి చూసింది, మళ్ళీ వంగింది. చివరికి నిబ్బరంగా ఒకదాన్ని చూపించింది. అది మామగారి జ్వరం.

"పాచి అన్నది నేను... ఆ మెరుపుని" అని గొణిగింది అక్క, ఎవరూ అడగకుండానే.

మా ఆవిడ గుమ్మం వదిలి డబ్బాల దగ్గరికొచ్చింది. మూడింట్లోకీ మార్చి మార్చి చూసింది. పెదవుల చివర నవ్వు దాచుకోవడానికి చాలా కష్టపడుతోంది.

"ఇంకోసారి చెప్పండి మేస్త్రిగారూ" అంది.

అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి మామగారి కోసం చేతులతో కూడా. కిటికీ చూపించాడు, కళ్ళు చూపించాడు, మూడు వేళ్ళు చూపించి ఒక వేలికి దించాడు. మామగారు ఆ ఒక్క వేలి వంక కాసేపు చూసి, మొహం వెలిగిపోగా, ఇంటిల్లిపాదికీ, మెట్ల మీద వెళ్ళేవాళ్ళకీ అర్థమయ్యేలా ప్రకటించారు:

"అంటే ఏమిటి, పొద్దుట్నించి మనందరం మా అమ్మాయి రంగే కావాలని కొట్టుకుంటున్నామన్నమాట."

అక్క కాదనలేదు. మధ్యదే కొట్టించమని తనే మేస్త్రికి చెప్పింది, అక్కడికేదో ముందు నుంచీ తన మాటే అదన్నట్టు.