పుత్తూరు దాటినాక మిస్డ్ కాల్

ఒకరినొకరు చూసుకోకుండా కళ్లు మూసుకోమన్న క్లాసులో చెయ్యెత్తిన ఒకే ఒక్క పిల్ల తన కూతురేనని చూసి లెక్చరర్ మునిరత్నమ్మ ప్రశ్నను మళ్లీ చదివింది. అదీ సిగ్గుపడుతూ కాదు, ర్యాంకు వచ్చినంత ధీమాగా ఎత్తింది మహిత.

"ఎక్కడున్నావో ఎప్పటికప్పుడు చెప్పమనే అబ్బాయి ఎవరికైనా ఉన్నాడా?" అన్నది ప్రశ్న. ప్రేమ పేరుతో దెబ్బలు తినబోయే పిల్లల్ని ముందే కనిపెట్టాలని, తిరుపతిలోని ఆ జూనియర్ కాలేజీ లెక్చరర్లకు శిక్షణ ఇచ్చారు. సమోసాలు కూడా పెట్టారు. సొంత కూతురు దొరికితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం నగరి బస్సులో కూతుర్ని కిటికీ వైపు కూర్చోబెట్టి ఆరా తీసింది.

"ఎవడే వాడు?"

"నరేంద్ర. బస్సెక్కితే ఒక మిస్డ్ కాల్, దిగితే ఒకటి. అంతేమ్మా."

"ఇయ్యకపోతే?"

మహిత గాజులు ముందుకు లాక్కుంది. అయినా మణికట్టు మీద కమిలిన మచ్చ కనిపించింది. "చెయ్యి మెలిపెడతాడు. ప్రేముండబట్టే గదా! నువ్వు నాయనకు ఇస్తా ఉండావు గదా?"

నిజమే, మునిరత్నమ్మ కూడా ఇస్తోంది. దారిలో వడమాలపేటలో ఒకటి, పుత్తూరులో ఒకటి. ఒకసారి మరిచిపోతే భర్త ధనుంజయ కంచం తోసేశాడు. "నా కొడుకు నీమింద పానం పెట్టుకోనుండాడు" అని అత్త కుప్పమ్మ మురిసిపోయింది. పాఠం చెప్పి, బస్సులో నిలబడి, ఇంటికొచ్చి దోసెలు పోసి, మధ్యలో తన ఆచూకీ కూడా తానే చెప్పుకోవాలి. దొంగలకైనా ఆ పని పోలీసులు చేసిపెడతారు.

ఫోను ఆపేసి సంచిలో పడేసింది. "ఈపొద్దు మీ నాయన ప్రేమ యాడుండాదో సూద్దాం పా."

ఇంటికి తాళం. పక్కనే మగ్గాల షెడ్డు వెనక నవ్వులు. తల్లీకూతుళ్లు వెళ్లి చూస్తే ధనుంజయ చాప మీద, చేతిలో పేకముక్కలు, ముందు బజ్జీల పొట్లం.

"నిన్నే ఎతకతా ఉండా!" అన్నాడు గతుక్కుమని.

"చాప మింద కూసోనా?" మహిత మణికట్టు పట్టి అతని ముఖం ముందుకు చాపింది మునిరత్నమ్మ. "వాడెవుడో ఇట్ల చేసినా ప్రేమంట దీనికి. నిన్ను సూసే నేర్చుకుండాది. మిస్డ్ కాల్ ఎందుకో నాకొద్దు, బిడ్డకు సెప్పు."

ఆ మచ్చ చూసి అతని చేతిలో ముక్కలు జారిపోయాయి.

"ప్రేమా లేదు, దోమా లేదు తల్లీ! మీయమ్మ పుత్తూరు దాటిందని తెలిస్తేనే గదా, నేను ఆట ఆపి ఇంటికి పరిగెత్తి, పొద్దన్నుంచీ ఇంట్లోనే ఉన్నట్టు కుర్చీలో కూసునేది!"