సగం కాడి

నేను ఒక కంచు ఎద్దుని. అరచేతిలో ఇమిడిపోతాను. నా మెడ మీద సగం కాడి, దాని చివర ఒక చిల్లు. మనుషుల చేతులంటే నాకు మొదట్నుంచీ అనుమానమే.

నన్ను పోతపోసినవాడు జత చేస్తానని ఒప్పుకున్నాడు. తీరా కరిగిస్తే కంచు ఒక్కదానికే సరిపోయింది. రెండోదాన్ని చెక్కతో చెక్కి, నా కాడికి తగిలించి చేతులు దులుపుకున్నాడు. ఎవరో పెద్దాయన పోతే తోడుగా ఇద్దర్నీ పూడ్చారు. నా జతగాణ్ణి చెదలు తినేశాయి.

ఎన్ని వందల ఏళ్లు పడుకున్నానో తెలియదు. ఒకనాడు నెత్తి మీద కుయ్యిమని ఏదో మోగింది. సుంకులమ్మ వేరుశెనగ పీకుతుంటే ఒక చెవి కమ్మ చేలో జారిపోయిందట. ఆమె అన్న మద్దిలేటి లోహాన్ని పసిగట్టే మిషను అరువు తెచ్చి వెతుకుతుంటే, మొగుడు ఓబులేసు తవ్వుతున్నాడు. కమ్మ దొరకలేదు, నేను దొరికాను. బావా బావా అనుకుంటూ ఇద్దరూ నన్ను బుద్ధిగా తీసుకెళ్లి తాసీల్దారుకి అప్పగించారు.

నన్ను చూడ్డానికొచ్చిన మ్యూజియం ఆఫీసరు మంచివాడే. వాళ్లిద్దరి ముందే మామూలుగా ఒక మాట అడిగాడు.

"ఇది కాడెద్దు కదా, దీని జతది ఏదీ?"

అంతే. ఆరోజు చేలో తను మంచినీళ్లకి వెళ్లినప్పుడు ఏం జరిగిందోనని ఓబులేసు బావ వైపు చూశాడు. తవ్విన చెయ్యి ఎవరిదని మద్దిలేటి అతని వైపు చూశాడు. ఆ తర్వాత చేనంతా విడివిడిగా తవ్వారు, ఒకరి గడ్డివామి ఒకరు కెలికారు. ఉన్న మనిషి మీద లేని నమ్మకం లేని ఎద్దు మీద ఎలా కుదిరిందో నాకు అర్థం కాదు. ఆ ఇళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

నా చిల్లులో ఒక చెక్క పేడు ఇరుక్కుని ఉండేది. నాకున్న సాక్ష్యం అదొక్కటే. మ్యూజియంలో ఎవరో నన్ను శ్రద్ధగా తోముతూ మట్టితోపాటు దాన్నీ ఊడ్చేశారు.

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉంటున్నాను. ఓబులేసు వస్తాడు, నన్ను కాదు, నా పక్కనున్న ఖాళీని చూస్తాడు. ఇంకోరోజు మద్దిలేటి వచ్చి అదే ఖాళీని చూసి పోతాడు.

నిన్న సుంకులమ్మ ఒక్కతే వచ్చింది. ఒక చెవికి కమ్మ, ఇంకో చెవి బోసి.

"నా కమ్మ పోతే ఎవురినీ అనుమానపడలేదు గదప్పా," అంది నెమ్మదిగా. "పిల్లకు చెవులు కుట్టించల్ల. మేనమామ ఒళ్లో కూసోబెట్టకుండా ఎట్ల కుట్టిచ్చేది? నీ జతగాడు యాడుండాడో నువ్వన్నా చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. కానీ నన్ను పోసినవాడు నోరు మూసే పోశాడు. ఆమె ఆ బోసి చెవిని అద్దానికి ఆనించి చాలాసేపు నిలబడింది.