తాడుకు వేలాడిన రంపం

సెకండ్‌హ్యాండ్ మోటారు రంపాన్ని పరీక్షించడానికి నాకు మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు. స్టార్టర్ తాడు పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీస్తాను. జర్రున జారిందా, ఇంజన్‌లో కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపట్టే బలం, లేనట్టే. ఆగి ఆగి, బెట్టు చేస్తూ దిగిందా, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. నా షెడ్డులో ఇంజన్ మీద ఆఖరి మాట నాదే. నా దగ్గరే పని నేర్చుకున్న కూతురికి గొలుసు పదును పెట్టడం దాకా వదిలాను, అంతే.

ఆ రోజు తమ్ముడు ఒక పాత రంపాన్నీ, దాన్ని అమ్మేవాణ్నీ వెంటబెట్టుకొచ్చాడు. తమ్ముడిది చెట్లెక్కి కొమ్మలు కోసే పని. కొమ్మ సగం తెగాక రంపం ఆగిపోతే పైనున్నవాడి ప్రాణానికే ముప్పు.

"అన్నయ్యా, నువ్వు సరేనంటేనే కొంటా" అన్నాడు.

వేలాడదీశాను. రంపం ఠీవిగా, ఆగి ఆగి దిగింది.

"భేషుగ్గా ఉంది. తీసుకో."

"నాన్నా, ఒక్క నిమిషం. ప్లగ్గు విప్పి చూస్తా" అంది మా అమ్మాయి.

"తాతకు దగ్గులు నేర్పకే!"

అప్పటికే విప్పేసింది. ప్లగ్గు నూనెతో తడిసి ఉంది. ఆ రంధ్రంలో తను కొనుక్కున్న కంప్రెషన్ కొలిచే గేజీ బిగించి తాడు లాగింది. ముల్లు పైకి లేచి నిలబడింది. నేను మీసం మెలేశాను.

"చూశావా?"

"చూశా. ఇప్పుడు లోపలి నూనె కాలిపోనిద్దాం."

ప్లగ్గు తుడిచి బిగించి ఇంజన్ స్టార్ట్ చేసింది. షెడ్డంతా పొగ. పొగ తగ్గేదాకా నడిపి, ఆపి, మళ్లీ గేజీ పెట్టింది. ఈసారి ముల్లు సగం దాకా కూడా లేవలేదు.

"సిలిండర్‌లో ఎవరో నూనె పోశారు బాబాయ్. అది పిస్టన్ చుట్టూ అరిగిన సందులు మూసినంతసేపే ఈ బలం."

"నేనేం పోయలేదు!" అన్నాడు అమ్మేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

అమ్మాయి సైలెన్సర్ కూడా విప్పి చూపించింది. ఆ కంతలోంచి చూస్తే, పిస్టన్ మీద పిల్లి రక్కినట్టు నిలువు గీతలు.

"పెద్దాయన బాగుందన్నాక చిన్నపిల్ల మాటేంటండీ?" అన్నాడు వాడు, నన్ను ఎగదోస్తూ.

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒప్పుకుంటే నా పరువు, ఒప్పుకోకపోతే తమ్ముడి ప్రాణం. అప్పుడు అమ్మాయి చేతులు చూశాను. నా షెడ్డులో, నా మాటకే ఎదురు చెప్పి కూడా ఆ చేతులు వణకడం లేదు. నా ఛాతీ పొంగింది.

"పెద్దాయన తప్పు చెప్పాడు. చిన్నది చెప్పిందే నిజం. నీ రంపం నువ్వు తీసుకుని బయల్దేరు" అన్నాను.

వారం తిరక్కుండా తమ్ముడు ఇంకో రంపం పట్టుకొచ్చాడు. అలవాటు కొద్దీ చేయి చాపాను. వాడు ఇవ్వలేదు.

"అమ్మాయి లేదా అన్నయ్యా? వచ్చేదాకా కూర్చుంటాలే."

నాకు ఒళ్లు మండాలి. మండలేదు. లోపలికి తిరిగి, వీధంతా వినపడేలా కేకేశాను.

"మెకానిక్ గారూ! మీ కోసం వచ్చారు."