చెవిలో మాట

తెల్లవారుజాము బులెటిన్ నడిపించి, ఇంటికెళ్లి అత్తగారికి మాత్రలిచ్చి, కూతురికి బాక్సు కట్టి, మళ్లీ కాలేజీ స్టూడియోకి వచ్చేసరికి ఆవిడకు కళ్లలో ఇసుక పోసినట్టుంది. చానల్లో న్యూస్ ప్రొడ్యూసరు, ఇక్కడ అదే పని నేర్పే టీచరు. రెండుచోట్లా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, బటన్ నొక్కిపట్టి, అద్దానికి అవతల వార్తలు చదివే మనిషి చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మాట్లాడాలి.

ఈరోజు వాగుడుకాయ పరీక్ష. క్లాసంతా ఆ పిల్లను పిలిచేది అలాగే. కిందటిసారి చెవిలో ఈవిడ "తొందరగా ముగించు" అంటే, కెమెరాలోకి చూస్తూ "అలాగే మేడమ్" అనేసింది. పరీక్ష పోయింది. ఈసారి పక్కగదిలో చూస్తున్న చానల్ పెద్దాయనకు నచ్చితే ఉద్యోగం. లేదంటే వాళ్ల నాన్న బట్టల కొట్టే గతి.

"చెవిలో పిడుగు పడినా జవాబు చెప్పకు తల్లీ."

"మీరు అడిగినా?"

"నేనడిగితే అసలే చెప్పకు."

"మరి మర్యాదో?"

"అది బులెటిన్ అయ్యాక."

మొదటి వార్త బాగానే చదివింది. రెండోది వరద. గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆవిడ ఒక్క క్షణం మోచెయ్యి బల్లకు ఆనించింది.

ముగింపు సంగీతానికి మెలకువ వచ్చింది. మోచేతి కింద బటన్ ఎర్రగా వెలుగుతోంది. పక్కన కెమెరాలు మార్చే పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఎంతసేపే?"

"వరద నుంచి వాతావరణం దాకా మేడమ్."

"లేపొచ్చు కదా!"

"ఉలిక్కిపడి కేకేస్తే దాని చెవిలోనే పడుతుందని భయమేసింది."

"గురక పెట్టానా?"

"గురకైతే నయమే. అత్తయ్యగారూ మాత్ర వేసుకున్నారా అన్నారు. పాలు పొంగుతున్నాయి చూడమన్నారు. ఆ తర్వాత ఒకటే గోల, ఏమ్మా తిన్నావా, ఏమ్మా తిన్నావా అని."

ఆవిడ తల పట్టుకుంది. అంతలో పెద్దాయన తలుపు తోసుకొచ్చాడు.

"ఆ అమ్మాయిని రేపే పంపించండి. మధ్యలో ఒకసారి పెదవి కదలబోయింది, కానీ ఆపుకుంది. ఏం చెప్పారేంటి చెవిలో?"

"నిద్రపోయానండీ."

ఆయన అదేదో జోకు అనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

వాగుడుకాయ లోపలికొచ్చింది. చెవిలోంచి తీసిన వైరు ఇంకా మెడకు వేలాడుతోంది. ముఖమంతా చెమట.

"అయిపోయింది కదా మేడమ్, ఇప్పుడు చెప్పొచ్చా?"

"ఏంటే?"

"తిన్నాను మేడమ్. మీరు?"

ఆవిడ తిన్నానని చెప్పబోయి ఆగింది. పొద్దున తనకోసం కట్టుకున్న బాక్సు ఇంట్లో పొయ్యి పక్కనే ఉండిపోయింది.