దుమ్ము ఉతికిన మనిషి

రాత్రి షిఫ్టు దిగి వచ్చిన సంచులాయన చొక్కా విప్పి దులపబోతే భార్య లాక్కుంది.

"నువ్వు దులిపితే ఇల్లంతా నింపుతావు. ఇటివ్వు!"

వాకిట్లో రెండుసార్లు విదిలించేసరికి ఆయాసం ముంచుకొచ్చి, గోడ పట్టుకుని కూలబడింది.

ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో రాతినార సంచులు కోసి గుమ్మరించడం ఆయన పని. పెళ్లి నాటి నుంచీ అదే. అందుకే కాలనీలో ఆ పేరు పడింది. పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు. ఆ గుడ్డా ఈవిడే ఉతుకుతుంది. నువ్వూ ముక్కుకో గుడ్డ కట్టుకోమ్మా అని ఆమెతో చెప్పిన మారాజు ఒక్కడూ లేడు.

"మన ఆస్పత్రికి పోదాం పద," అన్నాడు. మన ఆస్పత్రి అంటే ఫ్యాక్టరీ వాళ్లది. ఊపిరాడని వాళ్లకు ఆక్సిజన్ పెట్టేది ఆ చుట్టుపక్కల అదొక్కటే.

"నాకెందుకు పెడతారు? నేనేమన్నా సంచులు కోశానా?" నవ్వబోయి దగ్గింది.

డాక్టరూ అదే మాట అన్నాడు, నవ్వకుండా. అంతకుముందు పట్నంలో తీయించిన ఆమె ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూశాడు. "రాతినార జబ్బే. కానీ ఈమె మా వర్కరు కాదు కదా. సిలిండర్లు వర్కర్లకే."

"ఇన్నేళ్లూ మీ దుమ్ము ఉతికిందండీ! పోనీ, నాకు రాసిన సిలిండరు ఈమెకివ్వండి. నేను బాగానే ఉన్నాను."

"నువ్వు బాగుంటే నీకు సిలిండరెందుకు రాస్తాను?"

ఏం న్యాయమండీ ఇది! దుమ్ము మాత్రం గేటు దాటి ఇంట్లో దూరొచ్చు, సిలిండరు మాత్రం దాటకూడదు. సంచులాయన నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు ఆ రోజు బల్ల గుద్దాడు, అరిచాడు, చివరికి కాళ్లూ పట్టుకున్నాడు. కాపలావాడు రెక్క పట్టి బయటికి నడిపించాడు. నిలబడలేని భార్యను భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చాడు.

సాయంత్రం సైరను మోగింది.

"నీ చొక్కా నానబెట్టనే లేదు," అందామె.

"నోర్మూసుకుని పడుకోవే," అన్నాడు తల నిమురుతూ.

పడుకుంది. ఆమె ఊపిరిలోని గురగుర ఆయన చెవులకు ఎంతగా అలవాటైందంటే, అది ఆగిపోయిన సంగతి కాసేపటికిగానీ తెలియలేదు. పేరు పెట్టి పిలిచాడు. గట్టిగా కుదిపాడు. ఫ్యాక్టరీ వైపు తిరిగి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. తర్వాత దుప్పటి కప్పబోతూ కాళ్లు చూశాడు. వట్టి కాళ్లు.

ఫ్యాక్టరీ ఆస్పత్రి గుమ్మం బయట, లోపలికి వెళ్లేముందు ఆమె విడిచిన రబ్బరు చెప్పులు, తెగిన పట్టీకి గుచ్చిన పిన్నీసుతో సహా, ఇంకా అక్కడే ఉన్నాయి.