ముచ్చికలు తీయువారు

పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని బ్రాడీపేటలోని ఆఫీసుకెళ్ళడం, తెల్లబోర్డు తుడిచి బొమ్మలు గీయడం. ఇదీ నగ్మా ఉద్యోగం. బోర్డు మధ్యలో పెద్ద గడి గీస్తుంది. వాళ్ళు తయారుచేయబోయే సాఫ్ట్‌వేరు అదే. గడిలోపల కోడిగుడ్ల లాంటి వలయాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పని పేరు. గడి బయట పుల్లల్లాంటి గీతల మనుషులు. వాళ్ళని యాక్టర్లంటారు. ఏ మనిషిది ఏ పనో ఆ పనిదాకా ఒక గీత లాగుతుంది. బలపం పట్టిన పిల్లలు కూడా గీస్తారు కదే ఇవి, దీనికి నీకు ఎం.సి.ఏ. ఎందుకు చెప్పించానే అని తల్లి ఖుర్షిదా ఆటపట్టించేది.

కాకపోతే ఆ బోర్డు మీద ఏం గీస్తే ఊళ్ళో అదే జరిగేది. బొమ్మ ఉన్నవాడు తన గీతలు ఎంతవరకో అంతవరకే మనిషి. బొమ్మ లేనివాడు పలచబడి పలచబడి కనపడకుండా పోయేవాడు. గుంటూరులో దీనికెవరూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. రోహిణి కార్తెలో ఎండ కాయదా, ఇదీ అంతే అనుకున్నారు. పొన్నూరు రైసుమిల్లు బొమ్మలో వాచ్‌మన్ అయూబ్‌ని వేయడం మరిచిపోతే కొన్నాళ్ళకి గేటు దగ్గర ఒట్టి కుర్చీ మిగిలింది. మిల్లు యజమాని ఆ కుర్చీ లోపల వేయించుకున్నాడు.

ఈసారి సాఫ్ట్‌వేరు మిర్చి వ్యాపారి అంకమ్మరావుకి. ముందుగా ఆయన బొమ్మే గీసి 'ధర చెప్పుట', 'సరుకు కొనుట' అనే రెండింటికీ గీతలు లాగింది. ఆ రోజు నుంచి భార్య అన్నానికి పిలిచినా ఆయన తేజా రకం మిర్చి ధరే చెబుతున్నాడు. మనిషిలో మార్పేమైనా వచ్చిందా అని ఎవరో అడిగితే, తనకేమీ తెలియలేదందావిడ.

ఖుర్షిదా పనిచేసేది ఆ అంకమ్మరావు షెడ్డులోనే. టిక్కీలంటే మిర్చి బస్తాలు. అవి కుమ్మరిస్తే, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తుంచుతారు. మొగుడు పోయాక ఆ ముచ్చికలు తుంచే కూతుర్ని చదివించింది. ఎంత కడిగినా ఆ వేళ్ళకి ఘాటు పోదు. అందుకని కూతురి చెంప ఏనాడూ వేళ్ళతో నిమరలేదు. ముద్దొచ్చినా, జ్వరమొచ్చినా మణికట్టు వెనక్కి తిప్పి ఆనించేది. నగ్మాకి అమ్మ అంటే ఆ మణికట్టే.

కూలివాళ్ళు మన యాప్ ముట్టుకోరు కాబట్టి వాళ్ళ బొమ్మలు అక్కర్లేదని మేనేజరు శ్రీకృష్ణ తేల్చేశాడు. వారం తిరక్కుండానే ఖుర్షిదా భుజంలోంచి వెనకున్న గోడ సున్నం కనిపించడం మొదలైంది.

"మేస్త్రి ఇవాళ నా ఒళ్ళోనే టిక్కీ కుమ్మరించాడే. మనిషున్నట్టే చూళ్ళేదు," అని నవ్వింది. నవ్వు వినపడింది గానీ పెదాలు సరిగా కంటికి ఆనలేదు నగ్మాకి.

మర్నాడు శ్రీకృష్ణ ముందు నిలబడి బతిమాలింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఊరుకునేది. సరే వెయ్యమన్నాడు. నగ్మా గబగబా బొమ్మ గీసి కింద 'ఖుర్షిదా' అని రాసింది. ఆయన బొటనవేలితో ఆ పేరు తుడిచేశాడు.

"యాక్టరంటే మనిషి కాదమ్మా, పాత్ర. పేర్లు రాయకూడదు. కాలేజీలో చెప్పలేదా?"

పేరున్నచోట 'ముచ్చికలు తీయువారు' అని ఆయనే రాశాడు. నగ్మా 'ముచ్చికలు తీయుట'కి గీత లాగింది. అంకమ్మరావు గుర్తొచ్చాడు. వెంటనే ఇంకో వలయం గీసి అందులో 'కూతురి దగ్గరికి వచ్చుట' అని రాసింది.

"అది మన గడిలోకి రాదు," అని శ్రీకృష్ణ దాన్నీ తుడిచాడు.

మార్కరు ఇంకా తన చేతిలోనే ఉంది. మొత్తం తుడిచేస్తే అమ్మ కనపడకుండా పోతుంది. ఉంచితే ఏమవుతుందో తెలుసు. ముందు మనిషంటూ దక్కితే చాలనుకుంది. దరిద్రపు లెక్క, కానీ ఆ క్షణాన అదొక్కటే తోచింది. మధ్యాహ్నం అంకమ్మరావు వచ్చి, నమస్కారానికి బదులు ధర చెప్పి, బొమ్మ ఖాయం చేసి వెళ్ళాడు.

సాయంత్రం ఖుర్షిదా ఇంటికి రాలేదు. నగ్మా షెడ్డుకి పరుగెత్తింది. తల్లి రాశి పక్కనే కూర్చుని ఉంది. నిండుగా ఉంది. నేలమీద నీడ కూడా నల్లగా, చిక్కగా పడుతోంది. నగ్మాకి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఇంటికి పోదాం పద."

ఖుర్షిదా మర్యాదగా తలెత్తింది.

"ఏ ఇంటికండీ? ఇంకా టిక్కీ మిగిలుందిగా."

ఆ 'అండీ' వినగానే నగ్మా ఉన్నచోటే కూలబడింది. ముచ్చికల మధ్య కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు, మళ్ళీ పనిలో పడ్డారు.

ఖుర్షిదా చెయ్యి చాపి కూతురి గడ్డం పట్టుకుంది. మణికట్టుతో కాదు, వేళ్ళతో. మొహాన్ని వెలుతురుకేసి ఇటు తిప్పి, అటు తిప్పి, చెంపలు తడిమి చూసింది.

"దీనికి ముచ్చిక లేదండీ," అని పక్కకి జరిపి, రాశిలోంచి ఇంకో కాయ అందుకుంది.

చెంపలు భగ్గున మండాయి. నగ్మా కడుక్కోవడానికి లేవలేదు.