నాలుగో అట్ట

అక్క ఇంటి తలుపు కొట్టడానికి అతనికి ఏడేళ్ళు పట్టింది. అదీ ఆఫీసువాళ్ళు ఫిర్యాదు కాగితం చేతిలో పెట్టి తోస్తే తప్ప కాళ్ళు కదల్లేదు. అదేం పౌరుషమో! ఊరందరి ఇళ్ళలో సింకుల కింద దూరే మనిషి, సొంత అక్క వీధి మాత్రం తప్పించుకుని చుట్టూ తిరిగి పోయేవాడు.

పొద్దున మ్యాన్‌హోళ్ళలో, మధ్యాహ్నం ఇళ్ళలో మందు కొట్టడం అతని పని. ఎవరైనా అడిగితే "మందు కొడతానండీ" అనేవాడు. వాళ్ళు నవ్వేలోపే "బొద్దింకలకి" అని చేర్చేవాడు.

ఏడేళ్ళ కిందట అక్క ఇంట్లో చుట్టాలంతా భోజనాలు చేస్తుంటే, పనిలోంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. సంచి మూలన పెట్టాడో లేదో, బొటనవేలంత బొద్దింక ఒకటి దాన్లోంచి బయటికొచ్చి, సరిగ్గా అక్క అత్తగారి కంచం పక్కనుంచి నడిచింది. నడిచి ఊరుకుందా? ఎగిరింది కూడా. అక్కకి తల కొట్టేసినట్టయింది. "ఆ మురుగంతా మోసుకుని ఇంకెప్పుడూ నా గడప తొక్కకు" అంది, అందరి ముందూ. "నువ్వే పిలిచేదాకా రాను, పో" అన్నాడు ఇతను. సాయంత్రానికల్లా ఇద్దరి కోపమూ చల్లారిపోయింది. కానీ ముందు ఎవరు పలకరించాలి? ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళాయె, మొండితనంలో ఎవరూ తగ్గలేదు.

అతనికి కావలసింది పెద్దదేం కాదు. అక్క నోటివెంట 'ఒరేయ్ చిట్టీ' అన్న పిలుపు ఇంకొక్కసారి వినాలి, అంతే. చిన్నప్పుడు బొద్దింక కనబడితే చాలు, అక్క మంచమెక్కి ఇల్లెగిరిపోయేలా కేకేసేది. ఎక్కడున్నా చెప్పు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చేవాడు. అతని ఉద్యోగం నిజానికి అప్పుడే మొదలైంది. ఇప్పటికీ కాలువలోకి దిగి, పైనున్న గుండ్రటి వెలుగుకేసి చూసినప్పుడల్లా ఆ కేక కోసం మనసు కొట్టుకునేది.

ఈమధ్య ఆ వీధి మ్యాన్‌హోళ్ళకి మందు కొట్టారు. అలా కొట్టినప్పుడు, చావగా మిగిలినవి గొట్టాలు పట్టుకుని ఇళ్ళలోకి ఎక్కుతాయి. అక్క ఇంట్లోకీ ఎక్కాయి. ఆ ఫిర్యాదే ఇతని చేతికొచ్చింది.

అక్క తలుపు తీసింది. జుట్టు సగం నెరిసింది. "రండి, వంటగది అటు" అంది.

రండి! తమ్ముణ్ణి పట్టుకుని రండి! చెంప మీద రెండు వేసినా ఇంతకన్నా బాగుండేది. "సరేనండీ" అన్నాడు ఇతనూ, తనేం తక్కువ తిన్నాడా.

సింకు కింద, ఫ్రిజ్ వెనక, అలమర బందుల దగ్గర మందు చుక్కలు పెట్టాడు. నీళ్ళు పోయే కన్నాలకి జాలీలు బిగించాడు. నాలుగు చోట్ల జిగురు అట్టలు పరిచాడు. వారానికోసారి వచ్చి వాటికి అంటుకున్న బొద్దింకల్ని లెక్క చూసి కాగితం మీద రాయాలి. నాలుగూ ఖాళీగా ఉన్ననాడు సంతకం తీసుకుని ఫైలు మూసెయ్యాలి. ఇక ఆ ఇంటికి రానక్కర్లేదు.

మొదటి వారం పంతొమ్మిది. రెండో వారం ఆరు. ఆ రోజు అక్క "మంచినీళ్ళు కావాలా?" అంది. "ఇవ్వండి" అని అందుకుని, ఒక్క గ్లాసు నీళ్ళు ఎంతసేపు తాగొచ్చో అంతసేపూ తాగాడు. ఇంకొకడైతే మందు కాస్త తగ్గించి, నాలుగు వారాల పని నలభై వారాలు సాగదీసేవాడు. ఇతనికీ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఒక్క బొద్దింక కనబడినా అక్కకి కంటిమీద కునుకుండదని అతనికి తెలుసు. అందుకే తన దారి తనే మూసుకుంటూ మందు నిండుగా పెట్టాడు. మూడో వారం రెండే దొరికాయి. బావ పనిమీద ఊరెళ్ళాడని, నెలాఖరుదాకా ఇంట్లో తనొక్కతేనని అక్క ఆ రోజే చెప్పింది.

నాలుగో వారం ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కాడు. మొదటి అట్ట ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోదీ అంతే. ఇక అయిపోయింది, అనుకున్నాడు. సింకు కిందికి వంగి నాలుగో అట్ట బయటికి లాగాడు.

దాని మీద ఒకటుంది. వెల్లకిలా ఉంది.

అతను మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. ఇరవయ్యేళ్ళుగా ఇవే చూస్తున్నాడు. నడుచుకుంటూ వచ్చి జిగురులో చిక్కినదైతే కాళ్ళు కిందికి అంటుకుని చస్తుంది. మందు తిని చచ్చినదే ఇలా వెల్లకిలా పడుంటుంది. ఇది ఇంకెక్కడో చచ్చింది. దీన్ని ఎవరో తెచ్చి ఇక్కడ పెట్టారు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే.

"ఎన్ని?" అంది అక్క, గుమ్మంలోంచి.

"ఒకటండీ."

"అయితే మళ్ళీ రావాలి కదా?"

ఇక ఆపుకోలేకపోయాడు. "దీన్నెలా పట్టుకున్నావే అక్కా?"

ఆమె తల దించుకుంది. కుడిచేతి వేళ్ళు బట్టకేసి గట్టిగా తుడుచుకుంది. "చేత్తోనే. కళ్ళు మూసుకుని."

"కేకెయ్యలేదూ?"

"వేద్దామనే నోరు తెరిచాను. కేకేస్తే చెప్పు పుచ్చుకుని రావడానికి నువ్వెక్కడున్నావురా చిట్టీ?"

అతను కాగితం మోకాలి మీద పెట్టుకుని 'ఒకటి' అని రాశాడు. దానికింద 'మళ్ళీ రావాలి' అని రాశాడు. అక్షరాలు సరిగ్గా కనబడక రెండుసార్లు రాయాల్సొచ్చింది.